చదివిన నర్సింగ్ కాలేజీ మూతబడ్డాక లైసెన్సును వేరే రాష్ట్రానికి మార్చుకోవడం: అమెరికాలోని మన నర్సులకు సమగ్ర మార్గదర్శి

మా ఆయన ఉద్యోగం వేరే రాష్ట్రానికి మారింది. అక్కడి నర్సింగ్ బోర్డు నా ట్రాన్‌స్క్రిప్ట్, అంటే చదివిన సబ్జెక్టులు, మార్కుల అధికారిక రికార్డు, నేరుగా కాలేజీ నుంచే రావాలంది. రిజిస్ట్రార్ ఆఫీసుకి ఫోన్ చేస్తే ఆ నంబరు వాడుకలో లేదని రికార్డింగ్ వినిపించింది. వెబ్‌సైటు తెరుచుకోలేదు. క్లాస్‌మేట్‌కి మెసేజ్ పెడితే, "నీకు తెలీదా, మన కాలేజీ మూసేశారు కదా" అంది. గుండె జారిపోయింది. చంటిపిల్లని అమ్మ చేతుల్లో పెట్టి, తెల్లవారుజామున ఐదింటికి క్లినికల్స్‌కి, అంటే ఆసుపత్రి శిక్షణకి, బస్సెక్కి సంపాదించుకున్న ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్సు ఇక పనికిరాదేమో అనుకుంటూ ఆ రాత్రంతా కూర్చున్నాను.

ఆ భయం అక్కర్లేదని నాకు ఆ రాత్రి చెప్పేవాళ్లు లేరు. అందుకే ఇప్పుడు మీకు చెబుతున్నాను. లైసెన్సు ఇచ్చింది రాష్ట్ర బోర్డు, కాలేజీ కాదు. కాలేజీ పోయినంత మాత్రాన లైసెన్సు పోదు. మీరు చదువు ముగించిన నాటికి ఆ కోర్సుకి బోర్డు గుర్తింపు ఉందా లేదా అన్నదే లెక్క. ఆ తర్వాత కాలేజీ దివాలా తీసినా, గుర్తింపు పోగొట్టుకున్నా లైసెన్సు కోసం మీరు రాసి పాసైన ఎన్‌క్లెక్స్ పరీక్ష చెల్లకుండా పోదు. కావాల్సిందల్లా ఒక కాగితం. కాలేజీ మూతబడినా ఆ కాగితాన్ని భద్రపరిచే బాధ్యత ఎవరో ఒకరికి అప్పగిస్తారు. ఆ ఒకరెవరో కనుక్కోవడమే ఈ పనిలో ముప్పావు వంతు.

ముందు మీ దారి ఏదో తేల్చుకోండి

అమెరికాలో నర్సు రాష్ట్రం మారడానికి రెండు దారులున్నాయి. మొదటిది కాంపాక్ట్, అంటే రాష్ట్రాల మధ్య ఉన్న ఉమ్మడి లైసెన్సు ఒప్పందం. దీని కింద వచ్చేదే మల్టీస్టేట్ లైసెన్సు. ఇప్పుడు 40కి పైగా రాష్ట్రాలు, ప్రాంతాలు ఇందులో ఉన్నాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్, న్యూజెర్సీ, జార్జియా, నార్త్ కరోలినా, వర్జీనియా, ఒహాయో, అరిజోనా, ఫ్లోరిడా ఈ ఒప్పందంలో ఉన్నవే. పెన్సిల్వేనియాలో ఇది 2025 జులైలో పూర్తిగా అమల్లోకి వచ్చింది. కాలిఫోర్నియా, న్యూయార్క్, ఇల్లినాయి, మిషిగన్, మిన్నెసోటా మాత్రం బయటే ఉన్నాయి. రెండో దారి ఎండార్స్‌మెంట్. ఒక రాష్ట్రం ఇచ్చిన లైసెన్సును చూసి, మళ్లీ ఎన్‌క్లెక్స్ రాయించకుండా ఇంకో రాష్ట్రం తన లైసెన్సు ఇవ్వడమన్నమాట.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. "నాది మల్టీస్టేట్ లైసెన్సు, ఎక్కడికెళ్లినా చెల్లుతుంది" అనుకుని ఊరుకుంటారు. ఇంకో కాంపాక్ట్ రాష్ట్రానికి ట్రావెల్ నర్సుగా మూడు నెలలు వెళ్లొస్తే అది నిజమే. ఇల్లు మారి, కొత్త రాష్ట్రంలో డ్రైవింగ్ లైసెన్సు తీసుకుని, అక్కడే పన్ను కడుతున్నారంటే మీ నివాస రాష్ట్రం మారినట్టే. 2024 జనవరి 2 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం, ఒక కాంపాక్ట్ రాష్ట్రం నుంచి మరో కాంపాక్ట్ రాష్ట్రానికి నివాసం మార్చినవాళ్లు 60 రోజుల్లోగా కొత్త రాష్ట్రంలో లైసెన్సుకి దరఖాస్తు చేయాలి. ఆ దరఖాస్తు కూడా ఎండార్స్‌మెంటే. కాబట్టి కాంపాక్ట్‌లో ఉన్నా కాగితాల పని తప్పదు. మూతబడ్డ కాలేజీ నుంచి ట్రాన్‌స్క్రిప్ట్ తెప్పించాల్సి వస్తే 60 రోజులు ఇట్టే గడిచిపోతాయి. లారీలో సామాను ఎక్కించకముందే ఈ పని మొదలుపెట్టండి.

హెచ్-4 (భార్య లేదా భర్త వీసా ఆధారంగా వచ్చే వీసా) మీద ఈఏడీతో, అంటే పని అనుమతి పత్రంతో, పనిచేసేవాళ్లకు ఇంకో మాట. వీసా మీద ఉన్న నర్సు కాంపాక్ట్ రాష్ట్రంలో దరఖాస్తు చేసేటప్పుడు తన నివాసం ఆ రాష్ట్రమని చెప్పుకోవచ్చు, సొంత దేశమనీ చెప్పుకోవచ్చు. ఇండియా అని రాస్తే ఆ ఒక్క రాష్ట్రానికి పనికొచ్చే లైసెన్సే వస్తుంది. తెలియక ఆ గడిలో ఇండియా అని నింపి మల్టీస్టేట్ అవకాశం వదులుకోకండి.

ట్రాన్‌స్క్రిప్ట్ అసలు అడుగుతున్నారా?

నిద్ర మానేసి కాలేజీ కోసం వెతకడానికి ముందు కొత్త బోర్డు వెబ్‌సైట్లో ఎండార్స్‌మెంట్ పేజీని మొదటి నుంచి చివరిదాకా చదవండి. కొన్ని బోర్డులు అమెరికాలోనే చదివినవాళ్లను ట్రాన్‌స్క్రిప్ట్ అడగవు. పాత లైసెన్సు ధ్రువీకరణ, వేలిముద్రలు ఉంటే సరిపెట్టుకుంటాయి. మరికొన్ని తప్పకుండా అడుగుతాయి. పేజీలో స్పష్టంగా లేకపోతే ఫోన్ కాకుండా ఈమెయిల్ చేయండి. ఫోన్లో ఒకరు ఒకటి చెబితే రేపు ఇంకొకరు ఇంకొకటి చెబుతారు. ఈమెయిల్‌కి వచ్చిన జవాబు మీ చేతిలో ఆధారంగా ఉంటుంది.

బోర్డు అడగకపోయినా ట్రాన్‌స్క్రిప్ట్ తెప్పించుకోమనే నా సలహా. రేపు బీఎస్‌ఎన్‌లో (నర్సింగ్ బ్యాచిలర్ డిగ్రీలో) చేరాలన్నా, ఆసుపత్రిలో నేపథ్య తనిఖీ జరిగినా మళ్లీ ఇదే కాగితం కావాలి. ఏళ్లు గడిచేకొద్దీ రికార్డులు చేతులు మారుతుంటాయి, వాటిని వెతకడమూ కష్టమవుతుంది.

రికార్డులు ఎవరి దగ్గరున్నాయో కనుక్కోవడం

కాలేజీ మూతబడినప్పుడు విద్యార్థుల రికార్డులు తీసుకుని కాపాడే సంస్థను కస్టోడియన్ అంటారు. ఆ కస్టోడియన్ రాష్ట్ర ప్రభుత్వ విభాగం కావచ్చు, ఇంకో కాలేజీ కావచ్చు, ట్రాన్‌స్క్రిప్టులు పంపే ప్రైవేటు సేవా సంస్థ కావచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలంటే, మీ క్యాంపస్ ఏ రాష్ట్రంలో ఉండేదో ఆ రాష్ట్రంలో ప్రైవేటు కాలేజీలకు అనుమతులిచ్చే విభాగం దగ్గర.

క్యాంపస్ ఉన్న రాష్ట్రం అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, గొలుసు కాలేజీల విషయంలో ఇక్కడే దారి తప్పుతారు. 2016 సెప్టెంబరులో ఐటీటీ టెక్ తన 130కి పైగా క్యాంపస్‌లను ఒకేసారి మూసేసింది. దాని ప్రధాన కార్యాలయం ఇండియానాలో ఉండేది, క్యాంపస్‌లేమో దేశమంతటా. 2018 డిసెంబరులో ఎడ్యుకేషన్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా మూతబడినప్పుడు దాని కింద నడిచిన వర్జీనియా కాలేజీ కూడా పోయింది. పేరులో వర్జీనియా ఉన్నా దాని క్యాంపస్‌లు అలబామా, జార్జియా లాంటి చాలా రాష్ట్రాల్లో ఉండేవి. జార్జియా క్యాంపస్‌లో చదివినవాళ్లు ముందు అడగాల్సింది జార్జియాలోనే.

రాష్ట్రాన్ని బట్టి విభాగం పేరు మారుతుంది. ఫ్లోరిడాలో విద్యాశాఖ కింద ఉండే కమిషన్ ఫర్ ఇండిపెండెంట్ ఎడ్యుకేషన్, కాలిఫోర్నియాలో బ్యూరో ఫర్ ప్రైవేట్ పోస్ట్‌సెకండరీ ఎడ్యుకేషన్, వర్జీనియాలో స్టేట్ కౌన్సిల్ ఆఫ్ హయ్యర్ ఎడ్యుకేషన్, జార్జియాలో నాన్‌పబ్లిక్ పోస్ట్‌సెకండరీ ఎడ్యుకేషన్ కమిషన్, ఇల్లినాయిలో బోర్డ్ ఆఫ్ హయ్యర్ ఎడ్యుకేషన్, న్యూజెర్సీలో ఉన్నత విద్యా కార్యదర్శి కార్యాలయం. టెక్సస్‌లో వృత్తి శిక్షణ స్కూళ్లయితే వర్క్‌ఫోర్స్ కమిషన్‌ని, డిగ్రీ కాలేజీలైతే హయ్యర్ ఎడ్యుకేషన్ కోఆర్డినేటింగ్ బోర్డుని అడగాలి. ఈ విభాగాల వెబ్‌సైట్లలో మూతబడ్డ విద్యాసంస్థల పేజీ ఉందేమో చూడండి. కాలేజీ పేరు పక్కన రికార్డులు ఎక్కడున్నాయో రాసి ఉంటుంది.

అక్కడ దొరక్కపోతే రెండో తలుపు మీ పాత నర్సింగ్ బోర్డు. నర్సింగ్ కోర్సు మూసేసేటప్పుడు రికార్డులు ఎవరికి అప్పగిస్తున్నారో కాలేజీ తమకు తెలియజేయాలని చాలా బోర్డులు నియమం పెట్టాయి. లైసెన్సుల విభాగానికి ఫోన్ చేస్తే అక్కడివాళ్లకి ఈ సంగతి తెలియకపోవచ్చు. నర్సింగ్ ఎడ్యుకేషన్ కన్సల్టెంట్‌కి కలపమని అడగండి. కోర్సులకు అనుమతులు చూసేది వాళ్లే. నా సమస్య విడిపోయింది ఆ ఒక్క మాట దగ్గరే. మూడు వారాలు ఎవరెవరికో ఫోన్లు చేశాను. చివరికి ఆ విభాగంలో ఒకావిడ ఫైలు తెరిచి, "మీ కాలేజీ రికార్డులు ఫలానా చోటికి వెళ్లాయి" అని రెండు నిమిషాల్లో చెప్పేసింది.

ఆసుపత్రికి అనుబంధంగా నడిచిన పాత డిప్లొమా స్కూళ్లది వేరే కథ. స్కూలు పోయినా ఆసుపత్రి మిగిలి ఉంటే అక్కడి వైద్య రికార్డుల విభాగాన్నో, హెచ్‌ఆర్‌నో అడగండి. ఆసుపత్రి ఇంకొకదానిలో కలిసిపోతే కలుపుకున్న సంస్థను అడగండి.

చదువు మధ్యలో ఉండగానే కాలేజీ మూతబడినవాళ్లకు ఈ దారి పనిచేయదు. వాళ్లు చూడాల్సింది మిగిలిన చదువును వేరే కాలేజీలో పూర్తిచేయించే టీచ్‌ఔట్ ఏర్పాటు, లేదా ఫెడరల్ విద్యారుణం రద్దు. ఆ రద్దు మూతబడే నాటికి చదువుతున్నవాళ్లకూ, అంతకుముందు 180 రోజుల్లోపు మానేసినవాళ్లకూ ఉద్దేశించింది. డిగ్రీ పూర్తిచేసినవాళ్లకు వర్తించదు.

ఉత్తరంలో ఏముండాలి, ఏ పేరుతో ఉండాలి

కస్టోడియన్ మిమ్మల్ని ఎన్నడూ చూడలేదు. వాళ్ల దగ్గర ఉన్నవి పెట్టెల కొద్దీ ఫైళ్లు. వెతకడానికి వీలుగా అన్నీ ఒకే పేజీలో ఇవ్వండి. చదివే రోజుల్లో ఉన్న పూర్తి పేరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగు అంకెలు, విద్యార్థి నంబరు గుర్తుంటే అదీ, క్యాంపస్ ఉన్న ఊరు, కోర్సు పేరు, చేరిన నెల, ముగించిన నెల రాయండి. ట్రాన్‌స్క్రిప్ట్ ఏ చిరునామాకి పంపాలో రాయండి. డిగ్రీ ప్రదానం చేసిన తేదీ ట్రాన్‌స్క్రిప్ట్ మీద కనబడాలని ఒక వాక్యం చేర్చండి. ఆ తేదీ లేదన్న కారణంతో బోర్డు వెనక్కి పంపే ప్రమాదం ఉంది. కింద పెన్నుతో సంతకం చేసి, డ్రైవింగ్ లైసెన్సు కాపీ జతచేయండి. కొందరు నోటరీ కూడా అడుగుతారు.

పేరు దగ్గర మనవాళ్లకు వచ్చే తిప్పలు ఇన్నీ అన్నీ కావు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ఇక్కడ పేరుకి ముందు ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) వచ్చి చేరుతుంది. కాలేజీలో పుట్టింటి ఇంటిపేరు, లైసెన్సు మీద భర్త ఇంటిపేరు, ఉద్యోగంలో సగం కత్తిరించిన పేరు. లక్ష్మిని ఒకచోట కె, ఎస్, హెచ్‌తో రాస్తారు, ఇంకోచోట ఎక్స్‌తో రాస్తారు. మీ రికార్డు లేదని కస్టోడియన్ జవాబిస్తే వెంటనే నమ్మేయకండి. మీ పేరు ఎన్ని రకాలుగా రాసి ఉండవచ్చో అన్నీ ఒక జాబితాగా పంపి, పుట్టిన తేదీతో మరోసారి వెతకమనండి. నా రికార్డు మొదట దొరకలేదు. ఇంటిపేరుని, అసలు పేరుని తారుమారు చేసి వెతికితే దొరికింది. పేర్లు కలవనప్పుడు పెళ్లి ధ్రువపత్రం నకలు బోర్డుకి ముందే పంపండి. మన ఊళ్లో తెలుగులో ఇచ్చిన పత్రమైతే ధ్రువీకరించిన ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి.

కవరు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కస్టోడియన్ నాకు పంపిన కవరు ఇప్పటికీ కళ్లముందుంది. గోధుమరంగు కవరు, మూసిన అతుకు మీద అడ్డంగా సంతకం, ఆ సంతకం మీదుగా సగం కవరు మీదా సగం మడత మీదా పడేలా నీలం ముద్ర. మా అబ్బాయి మెయిల్‌బాక్స్‌లోంచి తెచ్చి, "అమ్మా, నీ కాలేజీ నుంచి వచ్చింది" అంటూ సంబరంగా చింపేశాడు. లోపల కాగితం అదే, అక్షరం మారలేదు. అయినా అతుకు తెగింది కాబట్టి బోర్డుకి అది పనికిరాదు. మళ్లీ ఫీజు కట్టి ఐదు వారాలు ఎదురుచూశాను. కాబట్టి ట్రాన్‌స్క్రిప్ట్ కస్టోడియన్ దగ్గర్నుంచి తిన్నగా బోర్డుకే వెళ్లేలా చూడండి. ఎలక్ట్రానిక్ పద్ధతి ఉంటే అదే మేలు. మీ కోసం ఇంకో కాపీ వేరుగా తెప్పించి దాచుకోండి.

మిగతా పనులు, వాటి వరుస

అన్నిటికంటే ఆలస్యమయ్యేది ట్రాన్‌స్క్రిప్ట్. అందుకే మొదటిరోజే దానికి ఉత్తరం పెట్టండి. రెండో పని బోర్డు వెబ్‌సైట్లో దరఖాస్తు నింపి ఫీజు కట్టడం. న్యూయార్క్‌లో ఆర్‌ఎన్‌కి అది 143 డాలర్లు. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో లెక్క. న్యూయార్క్‌లో పిల్లలపై హింసను గుర్తించి ఫిర్యాదు చేయడంపై శిక్షణ పొందిన పత్రం అడుగుతారు. టెక్సస్‌లో ఆ రాష్ట్ర నర్సింగ్ చట్టాల మీద ఆన్‌లైన్ పరీక్ష రాయాలి.

మూడోది వేలిముద్రలు. బోర్డు ఇచ్చిన కోడ్ లేకుండా తొందరపడి వేయించుకుంటే ఆ ఫలితం వేరే చోటికి పోతుంది. కోడ్ వచ్చేదాకా ఆగండి. రోజుకి వందసార్లు చేతులు కడిగే మన వేళ్ల మీద గీతలు అరిగిపోయి ముద్రలు సరిగా పడకపోవచ్చు. వారం ముందు నుంచీ రాత్రిపూట చేతులకి బాగా క్రీము రాసుకోండి.

చివరిది పాత లైసెన్సు ధ్రువీకరణ. చాలా రాష్ట్రాలకు ఇది నర్సిస్ అనే ఉమ్మడి వెబ్‌సైట్లో జరుగుతుంది. ఒక్కో లైసెన్సు రకానికి ఒక్కో బోర్డుకి 30 డాలర్లు. అందులో ఉచితంగా చూసుకునే పేజీ వేరే ఉంది. అది ఎండార్స్‌మెంట్‌కి చెల్లదు, కాబట్టి దాన్ని ప్రింటు తీసి పంపి ఊరుకోకండి. మీ పాత రాష్ట్రం ఈ ఏర్పాటులో లేకపోతే ఆ బోర్డుకే ఫారం పంపి నింపించాలి. మీరు ఎన్‌క్లెక్స్ రాసిన మొదటి రాష్ట్రం వేరే ఉంటే, అక్కడి లైసెన్సు కాలం చెల్లినా సరే దాని ధ్రువీకరణ కూడా అడగవచ్చు.

కొత్త లైసెన్సు చేతికి రానిదే పాత ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకండి. తాత్కాలిక లైసెన్సు ఇచ్చే రాష్ట్రాలు ఉన్నాయి. దరఖాస్తులో ఆ గడి కనబడితే తప్పక ఎంచుకోండి.

ఫ్లోరిడాలో చదివినవాళ్లకు

2023 జనవరిలో ఫెడరల్ అధికారులు ఆపరేషన్ నైటింగేల్ పేరుతో ఒక పెద్ద మోసాన్ని బయటపెట్టారు. ఫ్లోరిడాలోని మూడు నర్సింగ్ స్కూళ్ల పేరుతో 7,600కి పైగా దొంగ డిప్లొమాలు, ట్రాన్‌స్క్రిప్టులు అమ్ముడయ్యాయని ఆరోపిస్తూ 25 మందిపై కేసులు పెట్టారు. ఆ స్కూళ్లు అప్పటికే మూతబడ్డాయి. అందువల్ల ఫ్లోరిడాలో మూతబడ్డ కాలేజీ పేరు కనబడితే బోర్డులు మరింత లోతుగా చూస్తున్నాయి.

నిజాయితీగా చదివినవాళ్లకి ఈ అనుమానం ఎంత బాధ కలిగిస్తుందో నాకు తెలుసు. కానీ కోపంతో జవాబు రాయకండి. క్లాసుకి వెళ్లానని, క్లినికల్స్ చేశానని చూపే ప్రతి ముక్కా ఏరండి. ఫీజు కట్టినందుకు ఏటా వచ్చిన 1098-టీ పన్ను పత్రం, బ్యాంకు స్టేట్‌మెంట్లు, విద్యారుణం చరిత్ర, నైపుణ్యాల పట్టిక మీద ఇన్‌స్ట్రక్టర్ సంతకాలు, క్లినికల్స్ చేసిన ఆసుపత్రి ఇచ్చిన బ్యాడ్జి, షిఫ్టుల షెడ్యూలు ఉన్న పాత ఈమెయిళ్లు. బోర్డు విచారణ నోటీసు పంపితే మాత్రం సొంతంగా జవాబివ్వకుండా లైసెన్సు కేసులు చూసే లాయర్‌ని కలవండి. గడువు తేదీ దాటనివ్వకండి.

ఎక్కడా రికార్డు దొరకకపోతే

ఆ పరిస్థితిలోనూ కొన్ని ప్రయత్నాలు మిగిలే ఉంటాయి. మొదట, రికార్డు తమ దగ్గర లేదని కస్టోడియన్ నుంచీ, రాష్ట్ర విభాగం నుంచీ రాతపూర్వకంగా తీసుకోండి. ప్రయత్నం చేశాననడానికి అదే సాక్ష్యం. తర్వాత, మీరు ఎన్‌క్లెక్స్ రాయడానికి దరఖాస్తు చేసిన రోజుల్లో కాలేజీ పాత బోర్డుకి మీ ట్రాన్‌స్క్రిప్టో, చదువు పూర్తయిన ధ్రువీకరణో పంపే ఉంటుంది. ఆ ఫైలులోని కాగితాల ధ్రువీకృత నకలు కొత్త బోర్డుకి పంపమని పాత బోర్డుని అడగండి. కాలేజీల డిగ్రీ వివరాలు ధ్రువీకరించే నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్‌హౌస్‌లో మీ డిగ్రీ నమోదై ఉందేమో చూడండి. ఇవన్నీ కలిపి ఒక వివరణ ఉత్తరంతో కొత్త బోర్డుకి పంపి, ప్రత్యామ్నాయంగా ఏం ఒప్పుకుంటారో అడగండి. ఒప్పుకోవాలా వద్దా అన్నది వాళ్ల నిర్ణయమే, కానీ ఖాళీ చేతులతో అడగడానికీ కాగితాల దొంతరతో అడగడానికీ చాలా తేడా ఉంది.

ఇండియాలో చదివిన కాలేజీ మూతబడితే

మన దగ్గర బీఎస్సీ నర్సింగ్ డిగ్రీ ఇచ్చేది విశ్వవిద్యాలయం, కాలేజీ కాదు. కాబట్టి కాలేజీ పోయినా మార్కుల రికార్డు విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయంలోనో, వరంగల్లోని కాళోజీ విశ్వవిద్యాలయంలోనో, కర్ణాటకలో చదివుంటే రాజీవ్‌గాంధీ విశ్వవిద్యాలయంలోనో ఉంటుంది. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) అయితే పరీక్షల బోర్డునీ, రిజిస్ట్రేషన్ ఇచ్చిన రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌నీ అడగాలి. థియరీ గంటలు, క్లినికల్ గంటలు ఉన్న పత్రం మాత్రం కాలేజీయే తయారుచేసేది. అక్కడే చిక్కు. మీరు మొదటి రాష్ట్రంలో లైసెన్సు తీసుకునేటప్పుడు విదేశాల్లో చదివిన నర్సుల అర్హతలు పరిశీలించే సీజీఎఫ్‌ఎన్‌ఎస్‌తో మూల్యాంకనం చేయించి ఉంటే ఆ గంటల వివరాలు అప్పుడే వాళ్లకి చేరాయి. ఆ సంస్థ పేరు ఇప్పుడు ట్రూమెరిట్. పాత ఫైలు ఆధారంగా కొత్త బోర్డుకి నివేదిక పంపగలరా అని ముందు వాళ్లని అడగండి. ఊళ్లో ఉన్న నాన్నగారినో, తమ్ముడినో ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిప్పడం ఆ తర్వాత సంగతి.

దరఖాస్తు వెళ్లాక వారానికోసారి బోర్డు వెబ్‌సైట్లో మీ చెక్‌లిస్టు చూసుకోండి. ట్రాన్‌స్క్రిప్ట్ అందిందో లేదో అందులో కనిపిస్తుంది. కస్టోడియన్ పంపామని చెప్పిన తేదీ నుంచి మూడు వారాలైనా అందినట్టు కనబడకపోతే, పంపిన తేదీ, ట్రాకింగ్ నంబరు రాసి బోర్డుకి ఈమెయిల్ పెట్టండి. ఇల్లు మారగానే రెండు బోర్డుల దగ్గరా చిరునామా మార్చండి. ఏదైనా కాగితం తక్కువైందని వాళ్లు రాసే ఉత్తరం మీరు ఖాళీ చేసిన అపార్ట్‌మెంట్‌కి వెళ్లకూడదు.